మన తీరంలో ఎవరి ఓడ తిరగాలి? కాబోటేజ్ గొడవ మొదటి నుంచి

విశాఖ పోర్టులో ఎగుమతికి సిద్ధంగా ఒక కంటైనర్ ఉందనుకోండి. దాన్ని ఓ విదేశీ ఓడ ఎక్కించుకుని కొలంబోలో దింపితే అడిగేవాళ్లు లేరు, అది అంతర్జాతీయ ప్రయాణం. అదే కంటైనర్‌ని అదే ఓడ కొలంబో దాకా పోకుండా మన దేశంలోనే ఇంకో పోర్టులో దింపాలంటే మాత్రం చాలా ఏళ్లపాటు ప్రత్యేకంగా లైసెన్సు ఉండాల్సిందే. సరుకు అదే, ఓడ అదే, దేశం మనదే. తేడా అంతా దిగే రేవు ఎవరిదన్న దాంట్లోనే ఉంది.

ఈ రూల్‌కి కాబోటేజ్ అని పేరు. 2025 ఆగస్టులో కోస్టల్ షిప్పింగ్ చట్టం వచ్చాక దీని మీద మాటలు మళ్లీ మొదలయ్యాయి. విదేశీ ఓడలకి తలుపులు బార్లా తీసేశారని కొందరు, లేదు ఇంకా బిగించారని ఇంకొందరు. చట్టం చదివితే రెండు వాదాలకీ ఆధారం దొరుకుతుంది, అదే ఇందులో చిక్కు. అందుకే అసలు ఇదేంటో కింది నుంచి పేర్చుకుంటూ వద్దాం.

## ఒక ఓడకి నాలుగు జాతీయతలు

ఒకే దేశంలోని రెండు రేవుల మధ్య సరుకునో మనుషుల్నో చేరవేయడం కాబోటేజ్. విమానాల్లో ఇది మనకి అలవాటైన సంగతే: దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చే విదేశీ ఎయిర్‌లైన్ అక్కణ్ణుంచి ఢిల్లీకి టికెట్లు అమ్ముకోలేదు. ఓడల విషయంలోనూ చాలా దేశాలు అదే అంటాయి, మా తీరం వెంబడి వ్యాపారం మా ఓడలదే అని.

అయితే "మా ఓడ" అంటే ఏంటి? ఇక్కడే తిరకాసు. ఓడకి నాలుగు రకాల జాతీయతలు ఉంటాయి. ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం జెండా ఎగరేస్తుంది, ఆ దేశం చట్టాలే దానికి వర్తిస్తాయి. యజమాని వేరే దేశం వాడు కావచ్చు. సిబ్బంది మరో దేశం వాళ్లు. కట్టిన షిప్‌యార్డు ఇంకో దేశంలో. గ్రీకు యజమాని, కొరియాలో కట్టిన ఓడ, లైబీరియా జెండా, ఫిలిప్పీన్స్ నుంచీ మన దేశం నుంచీ వెళ్లిన సిబ్బంది, ఇది సముద్రం మీద చాలా మామూలు దృశ్యం. పనామా, లైబీరియా, మార్షల్ దీవుల జెండాలు ప్రపంచమంతా కనిపించేది ఆ దేశాల్లో అంత వ్యాపారం ఉండి కాదు, అక్కడ రిజిస్టర్ చేస్తే పన్నులూ రూల్సూ తేలిక కాబట్టి.

ఒక దేశం కాబోటేజ్ చట్టం రాసుకునేటప్పుడు ఈ నాలుగింటిలో ఎన్ని అడుగుతుందన్నదే అసలు ప్రశ్న. అమెరికా నాలుగూ అడుగుతుంది. యూరోపియన్ యూనియన్ 1993 నుంచి సభ్య దేశాల్లో ఎవరి జెండా ఉన్నా చాలంది, ఫ్రెంచ్ ఓడ ఇటలీ రేవుల మధ్య తిరగొచ్చు. మన దేశం ముఖ్యంగా జెండా చూస్తుంది, మిగతా వాళ్లని లైసెన్సు తీసుకుని రమ్మంటుంది. కాబట్టి "ఫలానా దేశంలో కాబోటేజ్ ఉంది" అంటే సగమే తెలిసినట్టు, ఎంత గట్టిగా ఉందో అడగాలి.

## రూల్ లేనప్పుడు మన తీరంలో ఏం జరిగింది

రూల్స్ అన్నీ ఎత్తేస్తే పోటీ దానంతట అదే వచ్చి ధరలు తగ్గుతాయి కదా అనిపిస్తుంది. దీనికి మన చరిత్రే ఒక అడ్డు ప్రశ్న వేస్తుంది.

1906లో వి.ఓ. చిదంబరం పిళ్లై తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. తూత్తుకుడి, కొలంబోల మధ్య అప్పటిదాకా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీదే రాజ్యం. కొత్తగా పోటీ వచ్చేసరికి వాళ్లు టికెట్ తగ్గించారు. వీళ్లూ తగ్గించారు. చివరికి ఆ కంపెనీ జనాన్ని ఊరికే ఎక్కించుకుని పైగా చేతికో గొడుగు ఇచ్చి పంపిందని చెప్పుకుంటారు. కొన్నాళ్లు ప్రయాణికులకి పండగే. కానీ ఆ నష్టాన్ని ఎవరు ఎక్కువ కాలం భరించగలరు? చిదంబరం పిళ్లైని 1908లో జైల్లో పెట్టారు, 1911 కల్లా కంపెనీ మూతపడింది. అది దేశీయ రూటు కాదు, దాని వెనక పరాయి ప్రభుత్వం బలం కూడా ఉంది, కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ పోటీదారుని చంపడానికే ధర తగ్గించడం అంటే ఏంటో ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

ఇంకో ఎత్తు ఇంతకంటే నెమ్మదైనది: డిఫర్డ్ రిబేట్. ఓడల కంపెనీలు కాన్ఫరెన్స్ పేరుతో ఒక గుంపుగా కలిసి రేట్లు కట్టేవి. మీరు ఆరు నెలల్లో ఆ గుంపు ఓడల్లో సరుకు పంపి 10,000 రూపాయల కిరాయి కట్టారనుకోండి, అందులో పది శాతం, అంటే 1,000 రూపాయలు మీకు వెనక్కి వస్తుంది, కానీ ఇప్పుడే కాదు. వచ్చే ఆరు నెలలు కూడా మీరు బయటి ఓడ జోలికి పోకుండా ఉంటేనే. మధ్యలో ఒక్క బస్తా వేరే ఓడలో పంపినా ఆ వెయ్యీ పోయినట్టే. కొత్త కంపెనీ వాడు మీకు ఐదు శాతం తక్కువకి తీసుకెళ్తానన్నా మీరు వెళ్లలేరు, ఎందుకంటే మీ డబ్బు అవతలివాడి దగ్గర ఇరుక్కుంది. ఎవరినీ బలవంతం చేయకుండానే మార్కెట్ మొత్తానికీ తాళం పడింది.

1919లో మొదలైన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ దెబ్బలు తిన్నదీ ఇక్కడే. దాని మొదటి ఓడ లాయల్టీ 1919 ఏప్రిల్ 5న బయల్దేరింది, ఏటా మనం నేషనల్ మారిటైమ్ డే జరుపుకునేది ఆ తేదీనే. విశాఖలో సింధియా అని పిలిచే ప్రాంతానికి ఆ పేరు వచ్చిందీ ఈ కంపెనీ నుంచే. 1941లో వాళ్లు మొదలుపెట్టిన షిప్‌యార్డే ఇవాళ్టి హిందుస్థాన్ షిప్‌యార్డు, అక్కడ కట్టిన మొదటి ఓడ జల ఉషని 1948లో నెహ్రూ నీళ్లలోకి దింపారు. తీర వ్యాపారం భారతీయ ఓడలకే కేటాయించాలని 1928లోనే సెంట్రల్ లెజిస్లేటివ్ అసెంబ్లీలో బిల్లు పెట్టారు, అప్పుడు నెగ్గలేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ డిమాండ్ ప్రభుత్వ విధానమైంది, 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలో 407వ సెక్షన్‌గా స్థిరపడింది. అంటే మన కాబోటేజ్ రూల్ ఏదో ఆఫీసరు బల్ల మీద పుట్టింది కాదు, అప్పటి పోటీని చూసి భయపడ్డ అనుభవం నుంచి వచ్చింది. ఆ భయం ఇప్పటికీ తగినదేనా అన్నది వేరే చర్చ.

## మొదట అడిగే హక్కు: లెక్క వేసి చూద్దాం

407వ సెక్షన్ విదేశీ ఓడల్ని పూర్తిగా నిషేధించలేదు. డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ దగ్గర లైసెన్సు తీసుకుని రావచ్చు. ఆచరణలో దీనికి తోడుగా నడిచేది రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్, అంటే మొదట అడిగే హక్కు భారతీయ ఓడలకి ఉండటం.

అంకెలు ఊహించినవే, పద్ధతి మాత్రం ఇదే. ఒడిశా నుంచి తమిళనాడుకి బొగ్గు తేవడానికి ఓ విద్యుత్ సంస్థ టెండర్ పిలిచింది. విదేశీ ఓడ టన్నుకి 100 అంది. భారతీయ ఓడ 118 అంది. మామూలు టెండర్‌లో ఆట అక్కడితో అయిపోవాలి. ఇక్కడ మాత్రం భారతీయ ఓడ యజమానిని పిలిచి "100కి చేస్తావా?" అని అడుగుతారు. సరే అంటే పని అతనిదే. కాదంటేనే విదేశీ ఓడకి లైసెన్సు.

బాగానే ఉంది కదా, కొనేవాడికి తక్కువ ధర, మన ఓడకి పని. కానీ ఇదే టెండర్ పదోసారి జరిగినప్పుడు చూడండి. విదేశీ కంపెనీ వాడు కూర్చుని రేటు లెక్క కట్టడం, ఓడని ఖాళీ పెట్టుకుని ఎదురుచూడటం, చివరికి తన రేటు చూపించి వేరేవాడికి పని ఇవ్వడం... కొన్నాళ్లకి అసలు టెండరే వేయడు, వేసినా గట్టిగా తగ్గించి వేయడు. పోటీ పేరుకి ఉంటుంది, దాని పదును పోతుంది.

అవతలి వైపు కూడా ఒక ఇబ్బంది ఉంది, దీని గురించి తక్కువ మాట్లాడతారు. భారతీయ ఓడకి అయ్యే ఖర్చే నిజంగా 118 అనుకుందాం. 100కి దిగి రమ్మంటే టన్నుకి 18 నష్టానికి నడపాలి. అలాంటి చోట ఆ హక్కు వాడుకోలేని హక్కు, కాగితం మీద పూలదండ. 2020లో ఈ హక్కు వరుసని మార్చి, మన దగ్గరే కట్టి, మన జెండాతో, మన యాజమాన్యంలో ఉన్న ఓడలకి ముందు అవకాశం ఇచ్చారు. వరుస మారింది కానీ ఖర్చు తేడా అలాగే ఉంది.

## ఆ 18 రూపాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయి

మన ఓడలు సరిగ్గా నడపడం రాక ఖరీదయ్యాయా? కొంత ఉండొచ్చు. ఎక్కువ భాగం మాత్రం నేల మీద తయారవుతుంది.

ఇంధనం చూడండి. విదేశీ ప్రయాణంలో ఉన్న ఓడకి ఇంధనం మీద పన్ను భారం దాదాపు ఉండదు, తీరంలో తిరిగే మన ఓడకి ఉంటుంది. జీఎస్టీ వచ్చాక అది 18 శాతం, తర్వాత 5కి తగ్గించారు. ఓడ కొనడానికి తీసుకునే అప్పు మీద మన దగ్గర వడ్డీ ఎక్కువ. జీతాల సంగతి ఇంకా విచిత్రం: మన నావికుడు ఏడాదిలో సగానికి పైగా దేశం బయట గడిపితే ఆదాయపు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అవుతాడు, విదేశీ ఓడ ఇచ్చే జీతం మీద ఇక్కడ పన్ను పడదు. అదే మనిషి కాకినాడకీ చెన్నైకీ మధ్య తిరిగే ఓడలో చేస్తే పన్ను కట్టాలి. మరి ఎవరు వస్తారు? అతన్ని నిలుపుకోవాలంటే యజమాని జీతం పెంచాలి. ప్రపంచానికి పెద్ద ఎత్తున నావికుల్ని పంపే దేశంలో మన తీరపు ఓడలకి మంచి మనుషులు దొరకడం కష్టం.

అందుకే భారతీయ ఓడల యజమానుల సంఘం ఏళ్ల తరబడి చెప్పే మాట ఒకటుంది: పోటీ పెట్టండి, కానీ మా కాళ్లకి రాళ్లు కట్టి పరిగెత్తమనకండి అని. పోర్టులూ ఎగుమతిదారులూ దీనికి జవాబుగా, మీ రాళ్లు ప్రభుత్వం విప్పేదాకా మా సరుకు ఎందుకు ఆగాలి అంటారు. నాకు రెండూ న్యాయంగానే తోస్తాయి, ఎందుకంటే ఇద్దరూ ఫిర్యాదు చేస్తున్నది ఒకరి మీద ఒకరు అయినా తప్పు ఉన్నది మూడో చోట.

## 2018లో తీసిన కిటికీ, కొలంబో లెక్క

ఇప్పుడు మొదట్లో చెప్పిన కంటైనర్ దగ్గరికి వద్దాం. పెద్ద మదర్ షిప్‌లు ప్రతి రేవులోనూ ఆగవు. చిన్న ఫీడర్ ఓడలు చుట్టుపక్కల రేవుల నుంచి కంటైనర్లు తెచ్చి ఒక పెద్ద రేవులో పోగుచేస్తాయి, అక్కడ మదర్ షిప్ ఎక్కించుకుంటుంది. దీన్ని ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. భారత ట్రాన్స్‌షిప్‌మెంట్ సరుకులో సుమారు 75 శాతం కొలంబో, సింగపూర్, పోర్ట్ క్లాంగ్ లాంటి బయటి రేవుల్లోనే జరిగేదని ప్రభుత్వమే చెబుతూ వచ్చింది.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి, మన దగ్గర లోతైన రేవులు లేకపోవడం అందులో పెద్దది. కానీ కాబోటేజ్ రూల్ కూడా అటే తోసింది. ఫీడర్ ఓడల్లో చాలా భాగం విదేశీ జెండావి. అలాంటి ఓడ విశాఖ నుంచి కొలంబో వెళ్లడానికి అడ్డం లేదు, విశాఖ నుంచి కొచ్చి వెళ్లడానికి ఉంది. ఓడ ఎటు వెళ్తుంది? మన ఓడలకి పని దొరకాలని పెట్టిన రూలు ఇక్కడ పక్క దేశం పోర్టుకి పని తెచ్చిపెట్టింది.

2018 మేలో కేంద్రం ఈ రూల్ సడలించింది. ఎగుమతి, దిగుమతి సరుకు ఉన్న కంటైనర్లని ట్రాన్స్‌షిప్‌మెంట్ కోసం, ఖాళీ కంటైనర్లని అవసరమైన చోటికి చేర్చడం కోసం విదేశీ ఓడలు లైసెన్సు లేకుండా మన రేవుల మధ్య తీసుకెళ్లొచ్చు. వ్యవసాయ, చేపల ఉత్పత్తులకీ, తర్వాత ఎరువులకీ షరతులతో వెసులుబాటు ఇచ్చారు. చెన్నైలో ఎక్కి కోల్‌కతాలో దిగే పూర్తి దేశీయ కంటైనర్ మాత్రం ఇందులో లేదు, అది ఇంకా భారతీయ ఓడలకే రిజర్వు. ఓడల యజమానుల సంఘం దీన్ని గట్టిగా వ్యతిరేకించింది, పోర్టులు స్వాగతించాయి.

ఇదొక్కటీ సరిపోతుందా అంటే లేదు. రూలు మార్చినంత మాత్రాన మదర్ షిప్ వచ్చి ఆగదు, లోతు కావాలి, క్రేన్లు కావాలి, పోగుపడే సరుకు కావాలి. 2025 మేలో ప్రధాని జాతికి అంకితం చేసిన కేరళలోని విళింజం రేవుకి ఆ లోతు సహజంగానే ఉంది. సడలింపూ రేవూ రెండూ కలిశాకే కొలంబోకి మన వైపు నుంచి నిజమైన పోటీ అనేది మొదలైంది.

## ఓడకి అసలు పోటీ లారీ

ఈ మొత్తం చర్చలో నాకు ఎప్పుడూ లోటుగా అనిపించేది ఇదే. ఏ ఓడ, ఎవరి ఓడ అని కొట్టుకుంటాం గానీ, దేశంలో సరుకు పంపేవాడి ముందు ఉన్న ఎంపిక లారీనా, రైలా, ఓడా అన్నది. 11,098 కిలోమీటర్ల తీరం పెట్టుకుని, అందులో ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే 1,053 కిలోమీటర్లు ఉండి, దేశంలో సరుకు రవాణాలో తీర నౌకాయానం వాటా సుమారు 6 శాతమే.

మళ్లీ ఊహా లెక్క. ఒక ఫ్యాక్టరీ నుంచి 1,500 కిలోమీటర్ల దూరంలోని గోడౌన్‌కి లారీలో టన్ను పంపడానికి 3,000 రూపాయలు. ఓడలో అయితే ఫ్యాక్టరీ నుంచి పోర్టుకి లారీ 400, పోర్టులో ఎక్కించడానికి 300, సముద్రం మీద కిరాయి 700, అవతలి పోర్టులో దించడానికి 300, అక్కణ్ణుంచి గోడౌన్‌కి 500, పది రోజులు సరుకు మధ్యలో ఉన్నందుకు వడ్డీ వగైరా 200. మొత్తం 2,400.

లారీ కంటే 600 చవక. ఇప్పుడు విదేశీ ఓడలకి పూర్తిగా తలుపు తీశామనుకోండి, పోటీ పెరిగి సముద్రపు కిరాయి ఇరవై శాతం తగ్గింది. 700లో 140 తగ్గింది. మొత్తం 2,400 కాస్తా 2,260 అయింది. అంటే సరుకు పంపేవాడికి మిగిలింది ఆరు శాతం కూడా కాదు. అదే రెండు పోర్టుల ఖర్చులు సగం చేస్తే 300 మిగులుతుంది, లైసెన్సు రూల్ ఒక్క అక్షరం మార్చకుండానే. మేజర్ పోర్టుల్లో తీరపు సరుకుకి, బొగ్గు, పెట్రోలియం, ఇనుప ఖనిజం తప్ప, ఛార్జీల్లో నలభై శాతం రాయితీ ఇవ్వడం వెనక ఆలోచన ఇదే.

పైగా ఖాళీ తిరుగు ప్రయాణం బాధ ఒకటి. ఒడిశా తాల్చేరు గనుల బొగ్గు రైల్లో పారాదీప్ వచ్చి ఓడెక్కి ఎన్నూరు వెళ్తుంది. అక్కణ్ణుంచి తిరిగి పారాదీప్‌కి తీసుకెళ్లడానికి ఆ ఓడకి ఏం దొరుకుతుంది? బొగ్గు మోసిన తొట్టిలో బియ్యం బస్తాలు వేయలేం కదా. రెండు వైపుల ఖర్చూ ఒకవైపు కిరాయి మీదే పడుతుంది. దీన్ని ఏ జెండా మార్చలేదు.

## అమెరికా: నాలుగూ కావాలంటే ఏమవుతుంది

కాబోటేజ్ గురించి ఎక్కడ చర్చ జరిగినా జోన్స్ యాక్ట్ ప్రస్తావన రాక తప్పదు. సెనేటర్ వెస్లీ జోన్స్ పేరుతో పిలిచే ఇది 1920 నాటి చట్టంలో ఒక భాగం. రెండు అమెరికన్ రేవుల మధ్య సరుకు తీసుకెళ్లే ఓడ అమెరికాలో కట్టాలి, అమెరికా జెండా ఉండాలి, యాజమాన్యం కనీసం 75 శాతం అమెరికన్లది కావాలి, సిబ్బంది ప్రధానంగా అమెరికన్లే ఉండాలి.

వీటిలో ఖర్చు పెంచేది ముఖ్యంగా మొదటిది. 2022లో హవాయి రూటు నడిపే మాట్సన్ కంపెనీ ఒక్కోటి 3,600 కంటైనర్ల సామర్థ్యం ఉన్న మూడు ఓడలు ఫిలడెల్ఫియాలో కట్టించుకోవడానికి సుమారు 100 కోట్ల డాలర్ల ఆర్డర్ పెట్టింది. ఆసియా షిప్‌యార్డుల్లో అలాంటివి ఇందులో చిన్న భాగానికే వస్తాయి. అంత పెట్టి కొనాలి కాబట్టి ఓడలు తక్కువ, ఉన్నవి ముసలివయ్యేదాకా నడుపుతారు. సముద్రంలో తిరిగే పెద్ద జోన్స్ యాక్ట్ ఓడలు వందకు లోపే.

విడ్డూరాలు కూడా పుట్టాయి. అమెరికా 2016 నుంచి లూసియానాలో ద్రవ గ్యాస్ నింపి ప్రపంచానికి ఎగుమతి చేస్తోంది. కానీ ఆ గ్యాస్‌ని బోస్టన్‌కి తీసుకెళ్లడానికి చట్టం షరతులన్నీ తీర్చే ఓడ లేదు. 2018 జనవరి చలిలో బోస్టన్ పక్కనున్న ఎవరెట్ టెర్మినల్‌కి చేరిన ఒక ఓడలో రష్యాలోని యమల్ గ్యాస్ కూడా ఉంది. తుపాన్లు వచ్చినప్పుడల్లా చట్టాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టాల్సి వస్తోంది, 2005లో కత్రీనా, 2017లో మరియా అప్పుడు అమెరికా పాలనలోని ప్యూర్టోరికో దీవికి పది రోజులు.

ఇంతా చదివాక ఈ చట్టం పనికిమాలిందని తీర్పు ఇచ్చేయాలనిపిస్తుంది. కాస్త ఆగాలి. సమర్థించేవాళ్ల వాదన: యుద్ధం వస్తే ఓడలు కట్టడం తెలిసిన యార్డులూ నడపడం తెలిసిన మనుషులూ సొంతంగా ఉండాలి, అవి ఒక్కసారి పోతే డబ్బు పెట్టి రాత్రికి రాత్రి తెచ్చుకోలేం. ప్యూర్టోరికోలో ధరలు దీనివల్ల ఎంత పెరిగాయన్న దాని మీద కూడా రకరకాల అంకెలు తిరుగుతాయి గానీ, 2013లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ దాన్ని కచ్చితంగా కొలవలేమని తేల్చింది. వ్యతిరేకుల జవాబు కూడా గట్టిదే: రక్షణ కోసమే అయితే వందేళ్ల తర్వాత ఓడలు ఇంత తక్కువ ఎందుకున్నాయి? ఆ ఖర్చు దేశమంతా కాక దీవుల్లో ఉండేవాళ్లే ఎందుకు మోయాలి?

## మిగతా దేశాలు త్వరగా

న్యూజిలాండ్ అటు కొసకి వెళ్లింది. 1994 చట్టంతో, అంతర్జాతీయ ప్రయాణంలో వచ్చిన విదేశీ ఓడలు దారిలో దేశీయ సరుకు కూడా మోసుకోవచ్చని తెరిచేసింది. కిరాయిలు తగ్గాయి, సొంత ఓడలూ తగ్గాయి. కోవిడ్ సమయంలో అంతర్జాతీయ కంపెనీలు తమ షెడ్యూల్ కాపాడుకోవడానికి న్యూజిలాండ్ రేవుల్ని వదిలేసి పోతుంటే ఆధారపడటం అంటే ఏంటో తెలిసింది, 2022లో సొంత తీరపు ఓడలకి ప్రభుత్వమే 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల సాయం చేసింది.

ఇండోనేషియా ఇటు కొస. 2005లో దేశీయ రవాణా అంతా తమ జెండాకే అంది, తర్వాతి ఏళ్లలో ఓడల సంఖ్య రెట్టింపు దాటింది. కాబోటేజ్ పనిచేస్తుందనడానికి అందరూ చూపించేది దీన్నే. కానీ తూర్పు దీవులకి కిరాయిలు అలాగే మండిపోతుంటే 2015 నుంచి ప్రభుత్వమే సబ్సిడీ ఓడలు నడపాల్సి వచ్చింది. నిండుగా వెళ్లిన ఓడ ఖాళీగా తిరిగి రావడమే అక్కడా జబ్బు. మలేషియా 2017లో బోర్నియో దీవిలోని తన రాష్ట్రాలు సబా, సరవాక్‌లకి విదేశీ ఓడల్ని అనుమతించినప్పుడు కూడా అనుకున్నంత తేడా రాలేదని, సరుకు తక్కువున్న రేవుకి ఎవరూ పోటీపడి రారని విమర్శకులు అన్నారు.

## ఓడలు మనవే, పోటీ ఉందా?

విదేశీ ఓడల్ని ఆపితే దేశీయ కంపెనీలు తమలో తాము పోటీపడతాయని అనుకుంటాం. బొగ్గు లాంటి మామూలు సరుకులో అది కొంత నిజం. కానీ గ్యాస్‌కీ, రసాయనాలకీ ప్రత్యేకమైన ఓడలు కావాలి, అలాంటివి మన జెండా కింద కొద్దిమంది దగ్గరే ఉంటాయి. అక్కడ రక్షణ అంటే ఆ కొద్దిమందికి ధర నిర్ణయించే బలం ఇవ్వడమే. మొదట అడిగే హక్కులో విదేశీ ధరని కొలబద్దగా వాడేది అందుకే, అది లేకపోతే 118 ఎక్కువో తక్కువో ఎవరికి తెలుస్తుంది?

పోటీ చట్టం సంగతి అడుగుతారేమో. 2002 పోటీ చట్టం ఓడలకీ వర్తిస్తుంది, కానీ లైనర్ కంపెనీలు (షెడ్యూల్ ప్రకారం కంటైనర్ ఓడలు నడిపేవాళ్లు) ఒకరి ఓడలో ఒకరు చోటు పంచుకునే ఒప్పందాలకి కేంద్రం పదేపదే మినహాయింపు ఇస్తూ వచ్చింది, సగం ఖాళీ ఓడలు రెండు నడపడం కంటే నిండుగా ఒకటి నడపడం మేలు అన్న తర్కంతో. యూరప్ కూడా ఇలాంటి మినహాయింపే ఇచ్చేది, 2024 ఏప్రిల్‌లో దాన్ని కొనసాగించకుండా వదిలేసింది.

పోటీ అన్న మాటకే అర్థం లేని రూట్లు కూడా ఉన్నాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి అండమాన్‌కి వెళ్లే ప్రయాణికుల ఓడల్ని ప్రభుత్వం నడిపిస్తుంది, టికెట్ డబ్బుతో అవి నడవవు. యూరప్‌లో ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉంది: రూటులో పోటీ పెట్టలేం కాబట్టి ఆ రూటు నడిపే కాంట్రాక్టు కోసం పోటీ పెడతారు, ఎవరు తక్కువ సబ్సిడీకి ఒప్పుకుంటే వాళ్లకి ఇస్తారు.

## 2025 చట్టం ఎవరికి తలుపు తీసింది

కోస్టల్ షిప్పింగ్ బిల్లు 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో, ఆగస్టు 7న రాజ్యసభలో పాసైంది. 1958 చట్టంలోని తీర వ్యాపారం భాగాన్ని తీసేసి దాని స్థానంలో వచ్చింది.

భారతీయ ఓడలకి తీర వ్యాపారం కోసం ఇక సాధారణ లైసెన్సు అక్కర్లేదు, ఇది ఆ వైపు సులభం చేసింది. విదేశీ ఓడలకి లైసెన్సు కొనసాగుతుంది, ఇవ్వాలా వద్దా అనేది డైరెక్టర్ జనరల్ చేతిలో. అది నిర్ణయించేటప్పుడు సిబ్బంది ఏ దేశస్థులు, ఓడ ఎక్కడ కట్టింది అనేవి కూడా చూడొచ్చని చట్టంలో రాశారు. అంటే ఇప్పటిదాకా ముఖ్యంగా జెండా చూసిన మన చట్టం ఆ నాలుగు జాతీయతల్లో మిగతా వాటి మీద కూడా చెయ్యి వేసింది. తీర వ్యాపారం అన్న మాట పరిధిని సరుకు, ప్రయాణికుల నుంచి సేవల దాకా పెంచింది. మరోపక్క కొన్ని రకాల ఓడలకి మినహాయింపులిచ్చే అధికారం కేంద్రం దగ్గరే ఉంచింది. బిగించారు అనేవాళ్లు లైసెన్సు షరతుల్ని చూపిస్తారు, తెరిచారు అనేవాళ్లు మినహాయింపుల్ని. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి, ఏది ఎంత వాడతారన్నది నిబంధనల్లో, నోటిఫికేషన్లలో తేలుతుంది.

ఓడ ఎక్కడ కట్టిందన్న మాటని తేలిగ్గా దాటేయొద్దు. 2025 సెప్టెంబరులో కేంద్రం నౌకా నిర్మాణానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ డబ్బు యార్డులకి నేరుగా వెళ్లే సాయం, దాని భారం పన్ను కట్టే అందరి మీదా పడుతుంది. లైసెన్సులో మన దగ్గర కట్టిన ఓడే కావాలని గట్టి షరతు పెడితే అదే సాయం ఇంకో దారిలో వెళ్తుంది, దాని భారం తీరం వెంబడి సరుకు పంపేవాళ్ల మీద పడుతుంది, అమెరికాలో హవాయి, ప్యూర్టోరికోల మీద పడినట్టు.

చట్టం ప్రకారం తీర, అంతర్గత జల రవాణాకి ఒక జాతీయ ప్రణాళిక రెండేళ్లలోపు తయారుచేయాలి, ప్రతి రెండేళ్లకీ సవరించాలి. తీరపు సరుకుని 2030 కల్లా 23 కోట్ల టన్నులకి చేర్చాలన్నది లక్ష్యం. రూట్లు, ట్రాఫిక్ అంచనాలు, నదులతో తీరాన్ని కలపడం ఆ ప్రణాళికలో రావాలి. అక్కణ్ణుంచి రేవు గేటు దాకా వెళ్లే రోడ్డూ, రైలు పట్టాలూ, క్రేన్ ముందు ఆగే గంటలూ మాత్రం వేరే శాఖలవి, వేరే ఫైళ్లలోవి. ఊహా లెక్కలో ఆ 2,400లో 1,500 రూపాయలు పోయింది వాటి దగ్గరే.